గాడి తప్పిన మోకాలి చిప్ప: మా పామేరియన్ కాలి ఆపరేషన్, ఆ తర్వాతి ఎనిమిది వారాలు

పరిగెడుతున్న కుక్క ఉన్నట్టుండి వెనక కాలు ఒకటి పైకెత్తుతుంది. మూడు కాళ్ల మీద రెండు మూడు గెంతులు వేస్తుంది. ఎత్తిన కాలిని ఒకసారి వెనక్కి చాచి, మళ్లీ ఏమీ జరగనట్టు నాలుగు కాళ్లతో పరుగందుకుంటుంది. పామేరియన్, షిజూ, టాయ్ పూడుల్, యార్కీ, చివావా లాంటి చిన్న జాతుల్లో ఇది కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది మోకాలి చిప్పనే. చాలా ఇళ్లలో దీన్ని ముద్దుగా గెంతడం అనుకుంటారు. మా చిట్టి విషయంలో మేమూ ఎనిమిది నెలలు అలాగే అనుకున్నాం. అప్పటికి దానికి రెండేళ్లు, బరువు 4.6 కిలోలు. ఆ ఎనిమిది నెలల్లో కుడి కాలు రోజుకు ఒకటి రెండు గెంతుల నుంచి, నడిచినంతసేపూ వంచి పెట్టుకునే స్థితికి వచ్చింది.

మోకాలు పనిచేసే తీరు అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. బావి గిలకను గుర్తు తెచ్చుకోండి. గిలకకు గాడి ఉంటుంది, చేంతాడు ఆ గాడిలోనే నడుస్తుంది. కుక్క తొడ ఎముక కింది కొసన కూడా అలాంటి గాడి ఉంది. తొడ ముందు కండరం, దాని చివర వేరుశనగ గింజంత చిప్ప, చిప్ప నుంచి కిందికి దిగే గట్టి పట్టీ (లిగమెంటు), అది అతుక్కున్న కింది కాలి ఎముక బుడిపె, ఇవన్నీ ఒకే వరుసలో ఉంటే చిప్ప గాడిలో పైకీ కిందికీ సాఫీగా జారుతుంది. గాడి లోతు తక్కువైనా, కింది బుడిపె లోపలికి తిరిగి ఉన్నా, కండరం లాగిన ప్రతిసారీ చిప్ప లోపలి వైపుకు ఒరిగి గట్టు దాటేస్తుంది. చేంతాడు గిలక మీంచి పక్కకు పడితే బొక్కెన పైకి రానట్టే, చిప్ప పక్కకు పడితే మోకాలు చాచుకోదు. కుక్క కాలెత్తేసేది అందుకే. చిన్న కుక్కల్లో చిప్ప ఎక్కువగా లోపలి వైపుకే జారుతుంది, తరచుగా రెండు కాళ్లలోనూ ఉంటుంది. ఎక్కడి నుంచో పడటం వల్ల వచ్చేది తక్కువ, పుట్టుకతో వచ్చే ఎముకల వంపు వల్ల వచ్చేదే ఎక్కువ.

మొదట వెళ్లిన క్లినిక్‌లో ఎవరూ మోకాలు పట్టి చూడలేదు. నొప్పి తగ్గడానికని ఒక ఇంజెక్షన్, ఒక కాల్షియం సిరప్ ఇచ్చి పంపారు. నాలుగు రోజులు బాగా నడిచింది, ఐదో రోజు మళ్లీ మామూలే. ఆ ఇంజెక్షన్ స్టెరాయిడ్ అని తర్వాతి డాక్టరు చీటీ చూసి చెప్పారు. దీంతో రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, స్టెరాయిడ్ ఒంట్లో ఉండగా మెలాక్సికాం లాంటి నొప్పి మందు ఇస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది కాబట్టి వారం ఆగాల్సి వచ్చింది. ఎక్కువ కాలం పనిచేసే రకం స్టెరాయిడ్ అయితే ఇంకా ఎక్కువ ఆగాలట. రెండు, నొప్పి కప్పేయడంతో ఆ నాలుగు రోజులూ అది సోఫాలు ఎక్కి దూకింది. కాబట్టి ఏ క్లినిక్‌లోనైనా ఇంజెక్షన్ వేస్తే దాని పేరు చీటీ మీద రాయించుకోండి. కాల్షియం గురించి కూడా ఒక మాట. కుక్క కుంటితే కాల్షియం పోయడం మన దగ్గర అలవాటు. సరైన డాగ్ ఫుడ్ తినే కుక్కకు అది అక్కర్లేదు, గాడి తప్పిన చిప్పను అది వెనక్కి తేలేదు కూడా.

రెండో డాక్టరమ్మ ముందు నడిపించి చూశారు. క్లినిక్‌లో భయంతో కుంటడం మానేస్తాయి కాబట్టి ఇంట్లో తీసిన వీడియో ఉంటే చాలా మేలు. స్లో మోషన్‌లో, కుక్క ఎత్తులో ఫోన్ పెట్టి, వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. తర్వాత ఆవిడ చిట్టిని నిలబెట్టి వెనక కూర్చున్నారు. ముందు కింది కాలి ఎముక మీది బుడిపె దొరకబుచ్చుకున్నారు. అక్కణ్ణుంచి లిగమెంటు వెంట వేలు పైకి పోనిస్తే చిప్ప తగలాలి. కుడి కాలికి అది ఉండాల్సిన చోట లేదు, లోపలి పక్కన ఉంది. కాలు చాచి, పాదాన్ని కొంచెం బయటికి తిప్పి, బొటనవేలితో నెడితే టక్కున గాడిలోకి వచ్చింది. వేలు తీయగానే మళ్లీ జారిపోయింది. "మీరూ పట్టి చూడండమ్మా" అని నా వేలు అక్కడ పెట్టించారు. ఆ టక్కు వేలికి తెలిశాక మరి అనుమానం ఉండదు.

దీన్నే గ్రేడులుగా చెబుతారు. నెడితే జారి, వదలగానే తనంతట తనే వెనక్కి వస్తే 1. కాలు మడిచినప్పుడో నెట్టినప్పుడో జారి, చాచేదాకా బయటే ఉంటే 2. ఎప్పుడూ బయటే ఉండి, చేత్తో పెడితే వచ్చి, వదిలితే పోతే 3. చేత్తో కూడా రానంతగా పక్కన స్థిరపడిపోతే 4. చిట్టికి కుడి 3, ఎడమ 2. గ్రేడ్ 1కి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. 2లో కుంటడం తరచుగా ఉంటే చేస్తారు, ఎప్పుడో ఒకసారి అయితే బరువు తగ్గించి కనిపెట్టుకుని ఉంటారు. 3, 4 అయితే వాయిదా వేయడం మంచిది కాదు. చిప్ప గట్టు మీద రాసుకుంటూ ఉంటే ఎముక మీది నున్నటి పొర, అంటే మృదులాస్థి, అరిగిపోతుంది, ఎదిగే వయసులో అయితే ఎముకల వంపు కూడా ముదురుతుంది. గ్రేడు తేల్చేది చెయ్యి, ఎక్స్‌రే కాదు. గ్రేడ్ 2 కుక్కకు ఎక్స్‌రే తీసిన క్షణంలో చిప్ప గాడిలోనే ఉండి, ఫిల్ము నార్మల్‌గా రావచ్చు.

అయినా ఎక్స్‌రే తప్పనిసరి, ఎందుకంటే ఇలాగే కుంటించేవి ఇంకో రెండున్నాయి. ఒకటి తుంటి కీలులో తొడ ఎముక తలకు రక్తం అందక అది చితికిపోయే జబ్బు, పెర్థిస్ అంటారు. ఇది ఏడాదిలోపు చిన్న జాతి పిల్లల్లో వస్తుంది, దానికి చేసే ఆపరేషనే వేరు. రెండోది మోకాలి లోపలి క్రూసియేట్ లిగమెంటు తెగడం. చిప్ప ఏళ్ల తరబడి జారుతున్న కుక్కల్లో, ముఖ్యంగా వయసు మళ్లాక, రెండూ కలిసే ఉండొచ్చు. దాన్ని వదిలేసి చిప్ప ఒక్కటీ సరిచేస్తే కుంటడం పోదు. అందుకే మత్తిచ్చి తుంటికీ మోకాలికీ రెండింటికీ ఎక్స్‌రే తీస్తారు, మత్తులోనే కింది ఎముకను ముందుకు లాగి లిగమెంటు బిగువు చూస్తారు. ఇంకో అభిప్రాయం కావాలనుకునే వారికి హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో సర్జరీ విభాగం ఉంది.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు రక్త పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 72 వేలే ఉన్నాయి. రెండు లక్షలకు పైన ఉండాలి. గోమార్ల జ్వరం, అదే టిక్ ఫీవర్, ఎర్లీషియా. హైదరాబాద్‌లో దాదాపు ఏడాది పొడవునా గోమార్లు ఉంటాయి, జ్వరం కనిపించకుండానే ఈ జబ్బు ఉండొచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువుండగా ఎముక కోస్తే రక్తం ఆగదు. పైగా ఈ జబ్బు కీళ్ల వాపు కూడా తెస్తుంది కాబట్టి కుంటడంలో దాని వాటా ఎంతో కూడా తెలియదు. డాక్సీసైక్లిన్ 28 రోజులు, కిలోకు 10 మి.గ్రా. లెక్కన వాడాం. ఈ మందు గొంతులో ఇరుక్కుంటే అన్నవాహికను కాల్చేస్తుంది. తిండి మధ్యలో పెట్టి, వెంటనే సిరంజితో 5 మి.లీ. నీళ్లు తాగించాలి. పెరుగన్నంలో మాత్రం పెట్టకండి, పాలలోని కాల్షియం మందును పట్టేస్తుంది. నెల తర్వాత ప్లేట్‌లెట్లు 2.6 లక్షలకు వచ్చాయి. ఈ నెలంతా దూకనివ్వకుండా, తిండి తగ్గించి, బరువు 4.2 కిలోలకు తెచ్చాం.

ఈ ఆలస్యం ఒక విధంగా కలిసొచ్చింది, తేదీ సంక్రాంతి తర్వాతకు జరిగింది. ఎనిమిది వారాలు కుక్కను కదలకుండా ఉంచాలంటే క్యాలెండర్ చూసుకోవాలి. దీపావళి టపాసులు, నిమజ్జనం డప్పులు, దసరా చుట్టాలు, వీటి మధ్య ఆపరేషన్ పెట్టుకోవద్దు. టపాసుకు బెదిరి ఒక్క గెంతు వేస్తే ఎముకకు వేసిన పిన్ను ఊడొచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో కుట్లు నాకకుండా మెడకు కోన్ పెట్టుకుని బోనులో ఉండటం కూడా బొచ్చు కుక్కకు నరకం.

సర్జన్ గారు చేసింది ఇది. తొడ ఎముక గాడిలోంచి మృదులాస్థితో సహా ఒక ముక్కను V ఆకారంలో కోసి తీసి, దాని అడుగున ఇంకాస్త ఎముక తీసి, అదే ముక్కను తిరిగి కూర్చోబెట్టారు. గాడి లోతైంది, పైనున్న నున్నటి పొర పోలేదు. చిప్ప మందంలో సుమారు సగం గాడిలో మునిగితే లోతు సరిపోయినట్టు. తర్వాత కింది కాలి ఎముక మీది బుడిపెను కోసి, కొంచెం బయటి వైపుకు జరిపి, సన్నటి స్టీలు పిన్నులు రెండు వేసి బిగించారు. గిలక భాషలో చెప్పాలంటే గాడి లోతు చేసి, తాడు కట్టిన కొసను వరుసలోకి జరిపారు. చివరికి బిగుసుకుపోయిన లోపలి పొరను వదులు చేసి, సాగిపోయిన బయటి పొరను కుట్టి బిగించారు. ఆఖరిది ఒక్కటే చేసి పంపే చోట్లు కూడా ఉంటాయి. ఎముక వరుస తప్పి ఉండగా కుట్లు ఒక్కటే వేస్తే, కండరం లాగీ లాగీ కుట్లు సాగి, కొన్ని నెలలకు చిప్ప మళ్లీ జారుతుంది. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: గాడి లోతు చేస్తారా, బుడిపె జరుపుతారా, మత్తు చూసుకోవడానికి వేరే మనిషి ఉంటారా, రాత్రి దగ్గర ఎవరుంటారు. ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. అందులో రక్త పరీక్షలు, మత్తు, పిన్నులు, తర్వాతి ఎక్స్‌రేలు, పిన్ను తీయాల్సి వస్తే దాని ఖర్చు కలిశాయో లేదో చూసుకోండి.

ముందు రోజు రాత్రి తొమ్మిదికి తిండి ఆపి, నీళ్లు మాత్రం పొద్దున దాకా ఉంచాం. చిన్న ఒళ్లు మత్తులో త్వరగా చల్లబడిపోతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు దుప్పటి, అడుగు గట్టిగా ఉన్న బుట్ట తీసుకెళ్లండి. ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కాలు నలుగుతుంది.

అసలు పని ఇంట్లో మొదలవుతుంది. మన అపార్ట్‌మెంట్లలో నేలంతా అద్దంలాంటి విట్రిఫైడ్ టైల్స్. కుంటి కుక్కకు దీనికి మించిన శత్రువు లేదు. కాలు జారినప్పుడల్లా మోకాలు పక్కకు తిరుగుతుంది, సరిగ్గా అదే మనం ఆపాలనుకుంటున్న కదలిక. అడుగున రబ్బరున్న యోగా మ్యాట్లు ఆరు కొని, బోను నుంచి తలుపు దాకా బాటలా పరిచి, అంచులు టేపుతో అంటించాం. పలుచటి కాటన్ కార్పెట్ టైల్ మీద తనే జారుతుంది, పనికిరాదు. పాదం మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించాలి, గోళ్లు పొట్టిగా ఉంచాలి. బోను అంటే మూడడుగులకు మూడడుగుల మడత కంచె. తిరిగి పడుకునేంత చోటు ఉండాలి, పరుగు తీసేంత ఉండకూడదు. ఇంకొకటి, కాలింగ్ బెల్. డెలివరీ వాళ్లు రోజుకు పదిసార్లు కొడతారు, కొట్టినప్పుడల్లా కుక్క వెనక కాళ్ల మీద లేస్తుంది. బెల్ తీగ పీకేసి, "ఫోన్ చేయండి" అని కాగితం అంటించాం. ఆ ఎనిమిది వారాల్లో చిట్టి కాలికి మేం చేసిన మేళ్లలో దీన్ని పైన పెడతాను.

మొదటి మూడు రోజులు ఐస్ ప్యాక్ పలుచటి తువ్వాలులో చుట్టి మోకాలి మీద పది నిమిషాలు, రోజుకు మూడు సార్లు. మెలాక్సికాం కిలోకు 0.1 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి, అదీ తిన్నాకే. చిట్టికి 0.42 మి.గ్రా., అంటే మి.లీ.కు 1.5 మి.గ్రా. ఉండే సిరప్‌లో 0.28 మి.లీ. మెడికల్ షాపులో మనుషులకిచ్చే 7.5 మి.గ్రా. మాత్ర ఒకటి వేస్తే, అది దాదాపు 18 రోజుల డోసు ఒకేసారి వేసినట్టు. ఇలాంటి పొరపాట్లతోనే కిడ్నీలు పోతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ అసలే వద్దు. వాంతి, నల్లటి విరేచనం, తిండి మానేయడం, వీటిలో ఏది కనిపించినా మందు ఆపి ఫోన్ చేయాలి. నొప్పికి గాబాపెంటిన్ కూడా రాశారు. అది మనుషుల సిరప్ రూపంలో కొనకండి, కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, కుక్కలకు అది విషం. జండూ బామ్, కర్పూరం కలిపిన నూనెలు, కుట్ల మీద పసుపు, ఇవేవీ వద్దు. కుక్క నాకని మందు ఉండదు. కోన్ అంచు ముక్కు కొసను దాటి రెండు వేళ్ల వెడల్పు బయటికి ఉండాలి, లేకపోతే మెడ తిప్పి కుట్లు అందుకుంటుంది.

నాలుగో రోజు మోకాలి కింద మెత్తటి నీటి బుగ్గలాంటి వాపు వచ్చింది. చర్మం కింద నీరు చేరడం, కదలిక ఎక్కువైతే వస్తుంది. పొడవకూడదు, పొడిస్తే సూక్ష్మజీవులకు దారి ఇచ్చినట్టే. ఎర్రగా, వేడిగా ఉండి, చీము, వాసన ఉంటే అప్పుడు అది ఇన్ఫెక్షన్. మాది కదలిక తగ్గించాక వారంలో ఇంకిపోయింది.

ఐదో రోజు పాదం కొసలు నేలకు ఆనించింది, పన్నెండో రోజు కుట్లు తీశారు. రెండు వారాలు గడిచినా పాదం మోపకపోతే ఊరికే కూర్చోకుండా చూపించాలి. నడక విషయంలో ఒక కిటుకు ఉంది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వేగంగా నడిపిస్తే కుక్క మూడు కాళ్లతో సర్దుకుని నొప్పి కాలిని ఎత్తిపెడుతుంది. నెమ్మదిగా, మనం ఒక అడుగు వేసి ఆగి మరో అడుగు వేసేంత నెమ్మదిగా నడిపిస్తేనే నాలుగో కాలు దించుతుంది. మొదటి రెండు వారాలు ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడు సార్లు, పొట్ట కింద తువ్వాలు ఊతం వేసి నడిపించాం. మూడు, నాలుగు వారాల్లో పది నిమిషాలు, దాంతో పాటు కూర్చోబెట్టి లేపడం ఐదు సార్లు. కూర్చునేటప్పుడు ఆపరేషన్ కాలు పక్కకు విసిరేయకుండా గోడ వారగా కూర్చోబెట్టాలి. ఐదో వారం నుంచి సెల్లార్ పార్కింగ్ ర్యాంప్ వాడుకున్నాం. ఎక్కేటప్పుడు వెనక కాళ్ల మీద బరువు పడుతుంది, తొడ కండరం పెరుగుతుంది. మధ్యాహ్నం కార్లు తిరగని వేళ రెండు సార్లు ఎక్కిస్తే చాలు. దర్జీ టేపుతో వారానికొకసారి రెండు తొడల చుట్టుకొలత, ప్రతిసారీ ఒకే చోట, కొలిచి రాశాం. మొదట కుడి తొడ రెండు సెంటీమీటర్లు సన్నం, ఎనిమిదో వారానికి తేడా అర సెంటీమీటరుకు వచ్చింది.

అత్యంత ప్రమాదకరమైనది మూడో వారం. నొప్పి పోతుంది, ఎముక మాత్రం అప్పటికింకా అతకదు. కుక్క తనకు నయమైందనుకుంటుంది, ఇంట్లో వాళ్లూ అనుకుంటారు, ఎవరో జాలిపడి సోఫా మీద కూర్చోబెడతారు. అక్కణ్ణుంచి దూకితే జరిపిన బుడిపె ఊడిపోయే అవకాశం ఉంది, అప్పుడు ఆపరేషన్ మళ్లీ మొదటికి. మా అత్తగారు రోజూ సాయంత్రం బోను పక్కనే కింద కూర్చుని చపాతీ పిండి కలిపేవారు. పక్కన మనిషుంటే చిట్టి లేవాలని మారాం చేసేది కాదు.

ఐదో వారంలో బుడిపె దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత గట్టిగా వేలికి తగిలింది, ముట్టుకుంటే కాలు లాక్కుంది. పిన్ను కొస కొంచెం వెనక్కి వచ్చింది. అక్కడ ఎముకకూ చర్మానికీ మధ్య కండ లేదు కాబట్టి పిన్ను ఏమాత్రం కదిలినా చర్మాన్ని గుచ్చుతుంది. ఎక్స్‌రేలో బుడిపె ఉన్నచోటే ఉంది. ఎముక అతికేదాకా ఆగి, ఎనిమిదో వారం ఎక్స్‌రే బాగుందని చూశాక, తేలికపాటి మత్తులో ఆ ఒక్క పిన్ను తీసేశారు. పది నిమిషాల పని. రెండోది లోపలే ఉంది, దాని వల్ల ఇబ్బంది లేకపోతే జీవితాంతం ఉండొచ్చు.

తిండి లెక్క కూడా చెప్పాలి. 4 కిలోల కుక్క విశ్రాంతిగా ఉంటే దానికి రోజుకు కావాల్సింది సుమారు 200 కేలరీలు. ఒక మేరీ బిస్కెట్ 20 నుంచి 25 కేలరీలు. టీ తాగేటప్పుడు ఇంట్లో నలుగురూ తలో బిస్కెట్ పెడితే దాని రోజు తిండిలో దాదాపు సగం అయిపోయినట్టే. డాగ్ ఫుడ్‌ను కిచెన్ తక్కెడలో గ్రాముల్లో తూచి పెట్టాం. బిస్కెట్ బదులు ఉడికించిన బీరకాయ, బీన్స్ ముక్కలు ఇచ్చాం. తాకితే పక్కటెముకలు సులువుగా తెలియాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్ గోళీలు చిప్పను గాడిలో పెట్టవు, ఆ డబ్బు మ్యాట్లకు పెట్టండి.

షేవ్ చేసిన చోట పామేరియన్‌కు బొచ్చు రావడానికి నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది కూడా. చిట్టికి నాలుగో నెలలో మెత్తటి నూగు మొదలైంది. దానికి నూనెలు రాయొద్దు, భయపడనూ వద్దు.

కొత్తగా పిల్లను కొనేవారు అడ్వాన్స్ ఇచ్చే ముందే డాక్టరు చేత రెండు మోకాళ్లూ పట్టించండి, వీలైతే తల్లివి కూడా. ఈ లోపమున్న కుక్కను జత కట్టించొద్దు, పిల్లలకూ వస్తుంది. చిట్టికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ వేరుగా చేయించాం.

ఎడమ కాలు ఇంకా గ్రేడ్ 2లోనే ఉంది. నెలకొకసారి పది నిమిషాల నడకలో అది ఎన్నిసార్లు గెంతిందో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాస్తున్నాం. గత మూడు నెలలు: 2, 1, 1. ఐదు దాటినా, గెంతు తర్వాత కాలు వెంటనే దించకపోయినా ఆ వారమే తీసుకురమ్మన్నారు డాక్టరమ్మ. మ్యాట్లు ఇంకా తీయలేదు.